పుల్లర్ దేశీదైనా లెక్క పక్కాగుండాలె

2022 జులైల గోదారి భద్రాచలం కాడ 71.3 అడుగులకు ఎక్కింది. 1986ల వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత గంత పెద్దది మళ్ల గదే. నీళ్లు గుంజినంక మంది ఇండ్లల్ల బురద ఎత్తిపోసుకున్నరు. పది రోజులు గడిచినయో లేదో మెకానిక్ శెడ్ల ముందట బండ్లు బారులు తీరినయ్. ఆటోలు, ట్రాలీలు, జీపులు, ట్రాక్టర్లు. ఇంజన్ల నీళ్లు పోతే బండి ఖరాబైతదని అందరికీ ఎరుకే. చానామంది చూసుకోనిది బండి కిందున్న సామాను. వెనక ఇరుసు నడుమ గుండ్రంగ ఉండే హౌసింగ్ డ్రెయిన్ నట్టు ఇప్పితే, నూనె రావాల్సిన కాడ చిక్కటి చాయ్ లెక్క ఏందో కారింది. నూనెల నీళ్లు కలిసి నురుగు తేలిందన్నట్టు.

ఆ రోజుల్ల గోదారి దిక్కు మా దోస్తు శెడ్డుల నేను కూసున్న. పందొమ్మిదేండ్ల పోరడు ఒకడు జీపు ఇరుసు మీద ఇరుక్కున్న బేరింగు ఊడగొడుతున్నడు. పుల్లర్ లేదు. ఉలి ఆనిచ్చి సుత్తెతోని కొడుతున్నడు. బేరింగు ఇనుము మస్తు గట్టిది, గట్టిది కాబట్టే పెళుసుది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో పెచ్చు లేసి కంట్ల పడ్డది. దవాఖానాలు తిరిగిండ్రు, పైసలు పెట్టిండ్రు. ఇయ్యాల్టికి ఆ కన్ను వెలుతురును పడుతది గని మనిషిని గుర్తుపట్టదు.

ఆ తర్వాత మంది మాట్లాడుకున్నది నాకు ఇంకా యాదికుంది. "గీ ఊరి శెడ్లల్ల అంతా దేశీ పని, గిట్లనే అయితది" అన్నరు. నాకు కోపమొచ్చింది. ఆ పోరడు దేశీ పనిముట్టు వాడి కన్ను పోగొట్టుకోలేదు. అసలు పనిముట్టే లేకుంట పని చేసి పోగొట్టుకున్నడు. ఒక మందపు ఇనుప పట్టె, మూడు బోల్టులు, అరపూట వెల్డింగ్ పని ఉంటే ఆ బేరింగు మెల్లగ ఊడొస్తుండె. గా ఫరకు చెప్పనీకే ఈ రాత.

కింది సామాను అంటే ఏంది

నేను చదువుకున్న ఇంజనీర్ను గాదు. పదిహేనేండ్లప్పుడు జీపు క్లీనర్‌గ ఎక్కిన. ఆరేండ్లు శెడ్లల్ల హెల్పర్‌గ చేసిన. తర్వాత సంఘం పనిల పడ్డ. డ్రైవ్‌ట్రెయిన్ అనే మాట నాకు ముప్పై దాటినంక తెలిసింది. అప్పటిదాంక మాకు అది 'కింది సామాను'.

ఇంజన్ పుట్టించిన బలాన్ని చక్రం దాంక మోసుకపోయే సామాను అంతా డ్రైవ్‌ట్రెయినే. వరుసగ చెప్తే క్లచ్చు, గేర్ బాక్సు, పొడుగు షాఫ్టు, దాని రెండు కొసలకు జాయింట్ క్రాసులు, హౌసింగ్ లోపట క్రౌన్ పినియన్, ఇరుసు రాడ్లు, ఆఖరికి హబ్బు. ముందు చక్రాలు తిరిగే కార్లకు పొడుగు షాఫ్టు ఉండది, గేర్ బాక్సు పక్కనుంచే రెండు పొట్టి రాడ్లు చక్రాలకు పోతయ్.

మన దిక్కు ఈ సామానే ముందు అరుగుతది. భద్రాచలానికి రైలు లేదు. 'భద్రాచలం రోడ్' అని పేరున్న స్టేషన్ ఉండేది కొత్తగూడెంల, అక్కడికీ ఇక్కడికీ 40 కిలోమీటర్లు. కాబట్టి సిమెంటు బస్తానుంచి పెండ్లి బృందం దాంక అంతా రోడ్డు మీదనే. చర్ల, దుమ్ముగూడెం దిక్కు పోతే వాగులు దాటాలె. ఎనిమిది మంది ఎక్కే జీపుల పదహారు మంది ఎక్కుతరు. ఎక్కువ మోతకు క్లచ్చు కాలుతది, గుంతలకు క్రాసు ఇరుగుతది.

ఇగ వాగు సంగతి. దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లల్ల దిగంగనే లోపటి గాలి ముడుసుకుంటది. ముడుసుకున్న గాలి బయటినుంచి గుంజుకుంటది. గాలి పోనీకి పైన చిన్న బ్రీదర్ ఉంటది, అది మునిగుంటే గాలికి బదులు నీళ్లే లోపటికి పోతయ్. సీలు అరిగుంటే అక్కడినుంచి గూడ. వరదల మునిగిన బండికి, రోజూ వాగు దాటే బండికి హౌసింగ్ నూనె ఎందుకు మార్చాలెనో దీంతోనే తెలుస్తది. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తొడిగి పైకి, సీటు ఎత్తుకు కట్టుకుంటే సగం తిప్పలు తప్పుతయ్.

ఈ సామాను ఇప్పి బిగించాలంటే మామూలు పానాలు సాలవు. ఒక్కో పనికి ఒక్కో స్పెషల్ టూలు కంపెనీ చేస్తది. అది కంపెనీ షోరూంల ఉంటది. సామాను కోసం మనం ఖమ్మం పోతం, విజయవాడ ఆటోనగర్ పోతం. టూలు కోసం ఏడికి పోతం? అందుకే చేసుకుంటం.

చేసుకునే చేతులు మనకు కొత్త గాదు. కమ్మరోళ్లు లారీ కమాను పట్టెలను కొలిమిల కాల్చి కొడవండ్లు, గొడ్డండ్లు చేస్తనే ఉన్నరు. సింగరేణి మెయిన్ వర్క్‌షాప్ ఉన్న కొత్తగూడెంల లేత్ పని, వెల్డింగ్ పని తెలిసిన పెద్దమనుషులు గల్లీకొకరు దొరుకుతరు. ఈ రెండు తెలివిడులు కలిసిన కాడ మన శెడ్డు పనిముట్టు పుట్టింది.

పుల్లర్: బోల్టుల దాగున్న రెండు టన్నులు

హబ్బు అంత గట్టిగ పట్టుకున్నా ఒక బోల్టుకు ఎట్ల ఊడొస్తది? లెక్క చూడుండ్రి. 16 మిల్లీమీటర్ల మామూలు బోల్టు ఒక్క చుట్టు తిప్పితే 2 మిల్లీమీటర్లు ముందుకు పోతది. 30 సెంటీమీటర్ల పానాతోని తిప్పుతున్నరనుకోండ్రి. మీ చెయ్యి ఒక చుట్టుకు సుమారు 188 సెంటీమీటర్లు తిరుగుతది. చెయ్యి 1,880 మిల్లీమీటర్లు నడిస్తే బోల్టు 2 నడిచింది. అంటే బలం 940 వంతులు పెరగాలె. చేతితోని 20 కిలోల బలం పెడితే కాయితం మీద 18 టన్నులు దాటుతది. గని మరల రాపిడి అండ్ల చానా తింటది. మిగిలేది పదింట ఒక వంతు, సుమారు 2 టన్నులు. గదే సాలు. మరకు గ్రీజు రాస్తే ఇంకొంచెం మిగులుతది.

ఇగ చేసుడు. 12 మిల్లీమీటర్లకు తక్కువ గాని మందపు పట్టె తీసుకోండ్రి. ఎదురెదురుగున్న రెండు వీలు బోల్టుల దూరం కొలిచి రెండు బెజ్జాలు, సరిగ్గ నడుమ ఒక బెజ్జం. నడిమి బెజ్జానికి పొడుగు నట్టు వెల్డింగ్ చేయాలె. ఇక్కడనే చానామంది తప్పు చేస్తరు. నట్టును పట్టెకు బయటి దిక్కు పెడతరు. బోల్టు ఇరుసును లోపటికి నూకుతుంటే నట్టు బయటికి తన్నుకుంటది. నట్టు బయటి దిక్కుంటే భారమంతా వెల్డింగ్ మీద పడుతది, పటుక్కున ఊడి మొఖానికి కొడుతది. లోపటి దిక్కు, అంటే ఇరుసు దిక్కు పెడితే నట్టు పట్టెకే ఆని ఉంటది. వెల్డింగ్ దాన్ని తిరగకుంట పట్టుకుంటే సాలు. ఒక్క నట్టు జాగ మారితే ప్రాణం జాగ మారుతది.

ఇంకో రెండు ముచ్చట్లు. ఇరుసు నట్టు మొత్తం తీసేయొద్దు, రెండు మూడు మరలు పట్టి ఉంచండ్రి, అప్పుడు హబ్బు ఒక్కసారి వదిలినా ఎగిరి మీద పడదు. బోల్టు గట్టిగైనంక ఇంకా గుంజకుండ్రి. బోల్టు తల మీద సుత్తెతోని ఒక దెబ్బ కొట్టి, చాయ్ తాగొచ్చి మళ్ల తిప్పుండ్రి.

బోల్టు తల మీద 8.8, 10.9 అని అంకెలు ఉంటయ్. చానామంది అవి కంపెనీ నంబర్లు అనుకుంటరు. 8.8ల మొదటి 8 అంటే ఒక చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల గుంజుడు దాంక తెగదని. తర్వాత 8 అంటే అండ్ల 80 శాతం దాటితే సాగుడు మొదలైతదని. దుకాణంల చవకగ దొరికే 4.6 బోల్టు 40 కిలోలకే తెగుతది. తల మీద అంకె లేని బోల్టుతోని పుల్లర్ చేయకుండ్రి. కమాను పట్టెకు గూడ వెల్డింగ్ పెట్టొద్దు. కొడవలికి మంచిదే గని అండ్ల కార్బన్ ఎక్కువ. వెల్డింగ్ చల్లారంగనే పక్కన పగులుతది.

బేరింగు ఎక్కించుడు: పాత రేసే కొత్త టూలు

బేరింగుకు లోపటి రింగు ఒకటి, బయటి రింగు ఒకటి, నడుమ గుండ్లు. నియమం ఒక్కటే: ఏ రింగు బిగువుగ కూసోవాలెనో ఆ రింగు మీదనే బలం పెట్టాలె. ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపటి రింగు మీద, హౌసింగ్ల దించేటప్పుడు బయటి రింగు మీద. తప్పు రింగు మీద కొడితే దెబ్బ గుండ్ల మీంచి పోతది. కంటికి కనపడని సొట్టలు పడుతయ్. నెల రోజులకు గుర్రుమని మోత మొదలైతది. కస్టమరు సామాను డూప్లికేట్ అంటడు. సామాను మంచిదే, దెబ్బ తప్పు.

లోపటి రింగుకు సరిపోయే జీఐ పైపు ముక్కను లేత్ మీద కొసలు సమానంగ కోపిచ్చుకోండ్రి. బయటి రింగుకైతే ఊడదీసిన పాత బేరింగు బయటి రేసునే వాడొచ్చు. దాని బయటి అంచును గ్రైండర్ మీద వెంట్రుకవాసి తగ్గియ్యాలె. లేకుంటే అది గూడ లోపట ఇరుక్కుంటది. పాత రేసును పక్కకు సుత్తెతోని కొట్టొద్దు, మీద మందపు పట్టె పెట్టి ప్రెస్సుతోనో జాకీతోనో నూకాలె. ఎందుకో మొదట్లనే చెప్పిన. పెచ్చు లేస్తది.

బిగువెక్కువుంటే బేరింగును నూనెల కాచి ఎక్కించొచ్చు. 100 డిగ్రీలు సాలు, 120 దాటొద్దు, దాటితే గట్టితనం పోవుడు మొదలైతది. బేరింగు గిన్నె అడుగుకు తగలకుంట తీగతోని వేలాడదియ్యాలె. గ్యాస్ మంట నేరుగ పెట్టుడు అంటే కొత్త బేరింగును తుక్కుల ఏసినట్టే.

జాయింట్ క్రాసు: సుత్తె బదులు వైసు

క్రాసుకు నాలుగు దిక్కుల నాలుగు కప్పులు ఉంటయ్, కప్పుల సూదులసొంటి సన్నటి రోలర్లు. సుత్తెతోని కొడితే సూది ఒకటి పడిపోయి అడ్డం పడుతది. మళ్ల బిగించినంక కప్పు చివరిదాంక పోదు. ఎందుకు పోతలేదో తెల్వక ఇంకా కొడతరు. యోకు చెవి పగులుతది.

దీనికి వైసు, రెండు బాక్సు పానాలు సాలు. ఒకటి కప్పు కంటే చిన్నది, నూకనీకి. ఇంకోటి కప్పు కంటే పెద్దది, అవతల బయటికొచ్చే కప్పు అండ్ల దూరనీకి. ముందుగాల సర్క్లిప్పులు నాలుగూ తీసిండ్రో లేదో చూసుకొని నడుమ క్రాసు పెట్టి వైసు తిప్పుతే కప్పు మెల్లగ జరుగుతది. పైపు ముక్కలైనా ఇదే పని చేస్తయ్. కొత్తది ఎక్కిచ్చేటప్పుడు కప్పులల్ల గ్రీజు నిండుగ పెడితే సూదులు కదలవు.

షాఫ్టు ఇప్పే ముందే ఫ్లాంజి మీద, జారుడు జాయింట్ మీద ఉలితోని సన్న గీతలు పెట్టుకోండ్రి. ఏ జాగల ఇప్పినమో అదే జాగల బిగించాలె. రెండు కొసల యోకులు ఒక దారిల లేకుంటే బండి వడివడిగ పోయినప్పుడు ఒళ్లంతా వణుకుతది. ఈ టూలుకు పైస ఖర్చు లేదు.

క్లచ్చు సెంటరు, రొట్టె ముక్క

ప్రెజర్ ప్లేటు బిగియనంత సేపు క్లచ్ ప్లేటు అటిటు జారుతుంటది. దాన్ని సరిగ్గ నడుమ పెట్టకుంట బిగిస్తే గేర్ బాక్సు షాఫ్టు అవతల పైలట్ బేరింగుల దూరదు. అప్పుడు ఇద్దరు మనుషులు గేర్ బాక్సును ఎత్తి ఊపి ఊపి నూకుతరు. గేర్ బాక్సు బరువంతా క్లచ్ ప్లేటు నడిమి భాగం మీద వేలాడితే ప్లేటు వంగుతది.

అన్నిటికంటే మంచి టూలు తుక్కు దుకాణంల ఉంటది. అదే మాడల్ గేర్ బాక్సు పాత షాఫ్టు. కిలోల లెక్కన దొరుకుతది. అది లేకుంటే గట్టి కట్టెను చెక్కుకోవచ్చు. కొస పైలట్ బేరింగుల ఆడకుంట దూరాలె, నడుమ భాగం క్లచ్ ప్లేటు బెజ్జంల ఆడకుంట కూసోవాలె. కొంచెం వదులుంటే టేపు చుట్టి సరిచేసుకోవచ్చు. దీని మీద బలం పడది కాబట్టి కట్టె సాలు.

పైలట్ బేరింగు ఊడదీసుడు ఇంకో కత. అది గుడ్డి బెజ్జంల ఉంటది, వెనక నుంచి కొట్టనీకి దారి లేదు. దాని వెనక జాగల తడిపిన రొట్టె ముక్కలో, తడి కాయితమో కూరి, బెజ్జానికి సరిగ్గ సరిపోయే రాడ్డు పెట్టి కొడుతరు. లోపట కూరింది ఎటూ పోలేక బేరింగునే వెనక నుంచి నూకి బయటికి తెస్తది. సూస్తే గారడీ లెక్క ఉంటది. బడిల సైన్సు పాఠంల పాస్కల్ నియమం సదువుకున్నరు గద, మూసిన జాగల ఒత్తిడి అన్ని దిక్కులకు సమానంగ పోతదని, గదే ఇది. మీ బండి బ్రేకు, జాకీ పని చేసేది గూడ గా నియమంతోనే. ఎట్టి పరిస్థితిల రాడ్డు చుట్టు గుడ్డ చుట్టి, కండ్లకు అద్దాలు పెట్టుకొనే కొట్టాలె.

కాంటాతోని టార్కు

నట్టు 'గట్టిగ' బిగించుడు వేరు, 'సరిగ్గ' బిగించుడు వేరు. ఆ సరిగ్గ అనేదాన్ని కొలిచేదే టార్కు రెంచి. అది లేనోళ్లు చేపలు తూచే స్ప్రింగు కాంటా తీసుకోండ్రి.

టార్కు అంటే బలం గుణించు దూరం. మాన్యువల్‌ల 20 కిలో-మీటర్లు అని ఉన్నదనుకోండ్రి. పానాకు పైపు తొడిగి, నట్టు నడిమి నుంచి సరిగ్గ 1 మీటరు కాడ కాంటా కొక్కెం తగిలిచ్చి, పైపుకు అడ్డంగ గుంజుండ్రి. కాంటా 20 కిలోలు చూపిన కాడ ఆపుండ్రి. 80 సెంటీమీటర్ల కాడ తగిలిస్తే 25 కిలోలు రావాలె. ఏటవాలుగ గుంజితే లెక్క తప్పుతది. మాన్యువల్‌ల న్యూటన్-మీటర్లు ఉంటే సుమారు 10తోని భాగించుకోండ్రి. కాంటా నిజం చెప్తుందో లేదో ముందు నీళ్లతోని చూసుకోవాలె. లీటరు నీళ్లు కిలో. 20 లీటర్ల డబ్బా నింపి వేలాడదీస్తే 20 కిలోలు, డబ్బా బరువు దానికి ఎక్కువ.

ఇదే కాంటా హౌసింగ్ పనిల ఇంకా పెద్ద మేలు చేస్తది. పినియన్ బేరింగులు ఎంత బిగువుగ ఉండాలెనో దానికి ప్రీలోడ్ అని కొలత ఉంటది. కొత్త సీలు, క్రౌను పెట్టక ముందు పినియన్ ఫ్లాంజికి దారం చుట్టి, కాంటాతోని సమానంగ గుంజుండ్రి. కదిలేటప్పటి అంకె గాదు, తిరుగుతున్నప్పటి అంకె చూడాలె. మాన్యువల్ 15 కిలో-సెంటీమీటర్లు అడుగుతుంటే, దారం చుట్టిన కాడ ఫ్లాంజి నడిమి నుంచి అంచుకు 5 సెంటీమీటర్లు ఉంటే, కాంటా 3 కిలోలు చూపాలె. ఇది లెక్క చూపనీకే, మీ బండి అంకె మీ బండి మాన్యువల్‌ల ఉంటది. కొన్ని బండ్లల్ల పినియన్ మీద నలిగే స్లీవు ఉంటది. ఎక్కువ బిగిస్తే అది నలిగిపోతది, నట్టు వదులు చేస్తే తిరిగి రాదు, కొత్తదే ఎయ్యాలె. అందుకే కొంచెం బిగించి కొలుసుడు, మళ్ల కొంచెం బిగించి కొలుసుడు.

క్రౌన్ పండ్ల మీద రంగు రాసి తిప్పి, ముద్ర ఎక్కడ పడుతుందో చూసుడు గూడ మనోళ్లకు తెలిసిన పనే. ముద్ర పన్ను నడుమ పడాలె. కొందరు సిందూరం నూనెల కలిపి రాస్తరు. అండ్ల సీసం ఉండొచ్చు. చేతులు కడుక్కోకుంట బుక్క నోట్ల పెట్టుకోవద్దు.

ఇక్కడ ఆగాలె

అన్నీ చేసుకోవచ్చు అని నేను అంటలేను. చేసుకోవద్దనేవి గూడ ఉన్నయ్.

ముందు చక్రాల కార్లకు ఇరుసు రాడ్డు తీసేటప్పుడు చానాసార్లు షాకబ్జర్ గూడ ఇప్పాల్సొస్తది. దాని స్ప్రింగును నొక్కి పట్టే టూలు ఇంట్ల చేయొద్దు. నొక్కిన స్ప్రింగుల మనిషిని సంపేంత బలం దాగుంటది, తీగలతోని తాళ్లతోని కట్టేది గాదు.

బండి కింద దూరేటప్పుడు ఇటుకలు, రాళ్లు పెట్టొద్దు. ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలది. జాకీ ఎత్తనీకి ఉన్నది, మోయనీకి గాదు. కొన్న స్టాండ్లన్నా పెట్టాలె, అవి లేకుంటే మందపు కట్టె దిమ్మెలు అడ్డం పొడుగు పేర్చి దాని మీద దించాలె. ఇప్పిన చక్రాన్ని గూడ చాసిస్ కింద నూకి పెట్టుండ్రి.

క్రౌన్ పినియన్ నడుమ ఆట మిల్లీమీటరుల పదో వంతులల్ల ఉంటది. అది చేతి అంచనాకు దొరకది, డయల్ గేజి కావాల్సిందే. బలం పెట్టే టూలు మనం చేసుకుంటం, సన్న కొలత కొలిచే టూలు కొనుక్కుంటం. ఈ గీత యాదికి పెట్టుకోండ్రి. అన్నిటికంటే ముందు కండ్లద్దాలు కొనుక్కోండ్రి. పాన్ డబ్బా ఖర్చు అంత గూడ గాదు.

టూలు ఎవరి చేతిల ఉండాలె

టూలు లేకపోవుడు మన తలరాత గాదు. 2011ల శంషేర్ కటారియా అనే ఆయన కార్ల కంపెనీల మీద కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేసిండు. అసలు స్పేర్ పార్టులు, రిపేరు మాన్యువళ్లు, డయాగ్నస్టిక్ టూళ్లు బయటి మెకానిక్కులకు ఇస్తలేరని. కమిషన్ విచారణ చేసి 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల జరిమానా ఏసింది. సామాను, టూళ్లు, సమాచారం బయటి శెడ్లకు దొరికేటట్టు చేయాలెనని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు పోయినయ్, కేసు ఏండ్లకేండ్లు నడిచింది. గని ఒక సర్కారు సంస్థ కాయితం మీద ఒప్పుకున్న సంగతి మిగిలింది: మన చేతిల టూలు లేకపోవుడుకు కారణం మన తెలివి తక్కువ గాదు.

అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రంల 2012 నవంబర్ల జనమే ఓటేసి, షోరూంకు ఇచ్చే రిపేరు సమాచారం బయటి శెడ్డుకు గూడ ఇయ్యాలెనని చట్టం తెచ్చుకున్నరు. నూటికి 86 మంది ఔనన్నరు. మన కాడ 2022 జులైల కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ ఏసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి సామాన్లు, మోటార్ బండ్లు దాని కిందికి వస్తయ్. అదే ఏడు డిసెంబర్ 24న పోర్టల్ తెరిచిండ్రు. చట్టం మాత్రం ఇంకా మన చేతికి రాలేదు.

ఇటు 2024ల మన రాష్ట్ర సర్కారు 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేస్తమన్నది. మంచిదే. నా డిమాండ్ ఒక్కటే. సాయంత్రం అయిదు దాటినంక ఆ తలుపులు ఊరి మెకానిక్కుకు గూడ తెరవాలె. అక్కడి ప్రెస్సు, అక్కడి డయల్ గేజి, అక్కడి మాన్యువల్ మా పోరగాండ్లు ముట్టుకోవాలె. అట్లనే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనల ఇంతకు ముందే నేర్చుకున్న పనిని పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే దారి ఉన్నది. ఆర్‌పీఎల్ అంటరు. అడిగి తెలుసుకోండ్రి.

సర్కారు కోసం కూసునేటంత సేపు మనం చేసుకునేది ఒకటుంది. ఒక మండలంల పది శెడ్లు ఉంటయ్. పదీ కలిసి ఒక డయల్ గేజి, ఒక మంచి టార్కు రెంచి, ఒక పది టన్నుల ప్రెస్సు కొనుక్కుంటే తలా కొంచెమే పడుతది. ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. ఎవరు తీస్కపోయిండ్రు, ఎప్పుడు తెచ్చిండ్రు. ఇంకో నోటుబుక్కుల మీరు చేసిన ప్రతి టూలు కొలతలు బొమ్మతోని రాయుండ్రి: పట్టె మందం, బోల్టు తల మీది అంకె, ఏ మాడల్ బండికి. మన పెద్దమెకానిక్కులు కన్ను మూస్తే వాళ్ల చేతిల తెలివి వాళ్లతోనే పోతున్నది. ఫోన్ల రీల్సు తీస్తున్నరు గద, ఒక పూట ఆ లేత్ తాత కాడ కూసొని నట్టు లోపటి దిక్కు ఎందుకు పెట్టాలెనో చెప్పిచ్చి వీడియో తీయుండ్రి.

కన్ను పోయిన పోరడు పని ఇడిసిపెట్టలేదు. మొన్న పోతే శెడ్డు గోడకు పుల్లర్ వేలాడుతున్నది, మందపు పట్టె, 10.9 బోల్టు, నట్టు లోపటి దిక్కు. తనే చేసిండట. దాని పక్క మేకుకు మూడు జతల కండ్లద్దాలు. కొత్తగ పనికొచ్చిన పిలగాడు సుత్తె పట్టంగనే "అద్దాలు పెట్టుకోరా తమ్మీ" అన్నడు. ఆ పిలగాడు పెట్టుకున్నడు.